ఇంటిగదిలో ధ్వనిముద్రణ: ఒక చారిత్రక పరిశీలన

చేతిలో ఫోనూ, ఎదుట ఒక మైకూ ఉంటే ఎవరి గొంతునైనా లోకానికి వినిపించవచ్చుననీ, సాంకేతిక విజ్ఞానం కళను ప్రజాస్వామికం చేసిందనీ సాహిత్య సభల్లో ఈమధ్య తరచుగా వింటున్నాం. తమ కథల్ని తామే చదివి రికార్డు చేస్తున్న యువ రచయితలు నాతోనూ ఈ మాట అన్నారు. వారి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ఉత్పత్తి సాధనం ఇంట్లోకి రావడం వేరు, దాని ఫలితం మీద అధికారం రావడం వేరు. ధ్వనిముద్రణ చరిత్రలో ఈ రెండింటికీ మధ్యనున్న ఎడం చాలా పెద్దది.

మన దేశంలో ఈ చరిత్ర మొదలైంది కూడా స్టూడియోలో కాదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఒక హోటలు గదినే స్టూడియోగా మార్చుకున్నాడు. గౌహర్ జాన్ పాడింది అక్కడే. అప్పటికి మైకు లేదు. పెద్ద బూర ముందు నిలబడి గొంతెత్తి పాడాలి, మూడు నిమిషాలకు అటూ ఇటూగా ముగించాలి. తీరికగా సాగే రాగవిస్తారం ఆ మూడు నిమిషాల్లోకి కుదించుకుపోయింది. పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో ప్రకటించేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో గనుక, అక్కడివారికి గాయని ఎవరో తెలియడానికే అలా చెప్పించారంటారు. పాట ఇక్కడిదే అయినా పాటకు కొలత పెట్టింది కంపెనీయే.

1925 నాటికి విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చింది, బూర స్థానంలో మైకు నిలిచింది. స్టూడియో ఒక కర్మాగారంగా స్థిరపడింది. లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో సాంకేతిక సిబ్బంది తెల్లకోట్లు వేసుకొని పనిచేసేవారంటే ఆ వాతావరణం ఊహించుకోవచ్చు. ఏది మంచి ధ్వని, మైకుకు గాయకుడు ఎంత దూరంలో నిలబడాలి అనేవి వారు నిర్ణయించవలసిన విషయాలు.

ఈ కర్మాగారం పద్ధతిని కాదన్నవారిలో అమెరికన్ గిటారు విద్వాంసుడు లెస్ పాల్ ఒకడు. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలోనే స్టూడియో పెట్టుకున్నాడు. రికార్డు మీద గాడి గీసే యంత్రానికి కాడిలాక్ కారు ఫ్లైవీలును వాడుకున్నాడు. ఒకసారి వాయించినదాని మీద మళ్ళీ తానే వాయించి, అనేక గిటార్లు మోగినట్టు 1948లో 'లవర్' అనే రికార్డు తెచ్చాడు. భార్య మేరీ ఫోర్డ్ చేత మైకుకు బాగా దగ్గరగా పాడించి, చెవిలో చెప్పినట్టుండే గొంతును పట్టుకున్నాడు. దూరం పాటించాలన్న ఆనాటి నియమానికి ఇది విరుద్ధం. అయితే ఆ రికార్డులను అమ్మింది కాపిటల్ కంపెనీ.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవాడు జో మీక్. ఇతరుల స్టూడియోల్లో పనిచేసి విసిగిపోయి, 1960లో లండన్‌లో 304, హాలోవే రోడ్డులో తోలు సామాన్ల దుకాణం పైనున్న వాటాలో అద్దెకు దిగాడు. సొంత ఇల్లు కాదని గుర్తుంచుకోవాలి. స్నానాలగదిలో ప్రతిధ్వని బాగుంటుందని గాయకుల్ని అక్కడ నిలబెట్టేవాడు. 1964లో 'హావ్ ఐ ద రైట్?' పాటకు మెట్ల కమ్మీలకు సైకిలు క్లిప్పులతో మైకులు బిగించి, వాద్యబృందం చేత మెట్ల మీద కాళ్ళతో తాళం వేయించాడు. శబ్దం మితిమీరి చెదిరిపోవడాన్ని ఇంజనీర్లు దోషమన్నారు, అతడు దాన్నే గుణంగా వాడాడు. 1962లో ఆ అద్దె వాటాలో తయారైన 'టెల్‌స్టార్' బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అగ్రస్థానానికి చేరింది. అమ్మింది డెక్కా కంపెనీ. దాని బాణీ తనదని ఒక ఫ్రెంచి సంగీతకర్త దావా వేయడంతో రాయల్టీ సొమ్ము నిలిచిపోయింది. 1967 ఫిబ్రవరి 3న మీక్ ఇంటి యజమానురాలిని కాల్చి, తనూ కాల్చుకొని చనిపోయాడు. దావా అతనికి అనుకూలంగా తేలింది ఆ తర్వాతే. ఈ నేరాన్ని కష్టాల పేరుతో సమర్థించడానికి నేను సిద్ధంగా లేను. కాని స్వతంత్ర కళాకారుని విజయగాథగా మాత్రమే అతని కథ చెప్పేవారు ఈ చివరి పుటను ఎందుకు దాటవేస్తారు?

1979లో టీయాక్ కంపెనీ నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం పోర్టాస్టూడియోను మార్కెట్లోకి తెచ్చింది. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంటి పడకగదిలో దాని ముందు కూర్చుని, వాద్యబృందానికి వినిపించే నమూనాల కోసం పాడుకున్నాడు. తర్వాత పెద్ద స్టూడియోలో బృందంతో అవే పాటలు రికార్డు చేస్తే ప్రాణం పోయింది. చివరికి జేబులో వేసుకు తిరిగిన క్యాసెట్టునే 'నెబ్రాస్కా'గా విడుదల చేశారు. ఉపాధి పోయినవాళ్ళ గొంతులకు ఆ గది బుసబుసే సరిపోయింది. కాని అతడు అప్పటికే పేరున్నవాడు, వెనుక కొలంబియా కంపెనీ ఉంది. పేరులేనివాడు అదే క్యాసెట్టు తీసుకువెళితే ఆ బుస గుణమయ్యేదా, దోషమయ్యేదా?

కిందటి వేసవిలో మా ఊరి పెద్దామె ఒకరి చేత ఊడ్పు పాటలు పాడించి ఫోనులో పట్టాలని చూశాను. ముందుగదిలో బోడిగోడల వల్ల మాట గింగురుమంది. బియ్యం బస్తాలుండే గదిలో, తలుపుకు బొంత వేలాడదీసి, ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టాను. ధ్వని అద్దంలా వచ్చింది. పాటే రాలేదు. రెండు చరణాలకే ఆపి, "అందుకునేవాళ్ళు లేకుండా ఎట్టా పాడను మాస్టారూ?" అన్నదామె. చరణం ఆమెది, అందుకునే మాట పొలంలో మిగతావాళ్ళది. వారిని వదిలేసి గోడల సంగతి చూసుకున్నది నేనే.

మర్నాడు ఆమెతోపాటు మరో ముగ్గురిని పిలిచి, వసారాలో కూర్చోబెట్టాను. ఫోనును దూరంగా స్టూలు మీద పెట్టాను. పదకొండు పాటలు వచ్చాయి. నాలుగో పాటలో బస్సు హారనుంది, ఏడో పాట మధ్యలో ఒకామె మాట మరిచిపోతే మిగతా ఇద్దరూ నవ్వుతూ అందించారు. శుభ్రం చేసి ఇస్తానని ఒక మిత్రుడన్నాడు. ఇంకా ఇవ్వలేదు.