గుర్రపు కీలు: వాతల నుంచి ఆర్థ్రోస్కోప్ దాకా

కాకతీయుల కాలంలో మేలుజాతి గుర్రాలు సముద్రం దాటి దక్షిణాదికి వచ్చేవి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి విదేశీ వర్తకులకు భరోసా ఇచ్చాడు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ కాకతీయుల రాజధాని ఓరుగల్లు నుంచి ఏనుగులతో పాటు వేల గుర్రాలను తోలుకుపోయాడు. గుర్రాలు కొన్నంత తేలిగ్గా వాటిని బతికించుకోవడం మాత్రం కుదిరేది కాదు. పాండ్యదేశానికి గుర్రాలు అమ్మే వర్తకులు కావాలనే అశ్వవైద్యులను రానివ్వరని, అవి చస్తేనే వాళ్ల బేరం సాగుతుందని మార్కో పోలో రాశాడు.

మనకు అశ్వశాస్త్రం లేక కాదు. శాలిహోత్రుడి పేరిట, నకులుడి పేరిట సంస్కృత గ్రంథాలున్నాయి. విజయనగర కాలంలో మనుమంచిభట్టు తెలుగులోనే ‘హయలక్షణ విలాసము’ రచించాడు. అయితే కుంటే గుర్రానికి పాతకాలపు వైద్యం చాలావరకు పైపైనే: లేపాలు, కాపడాలు, చివరికి వాతలు. కీలు లోపల ఏముందో చూసినవారు లేరు.

ఎక్స్‌రే వచ్చాక ఎముక కనిపించింది కానీ మృదులాస్థి కనిపించలేదు. విరిగిన ఎముక ముక్క తీయాలంటే కీలును పెద్దగా కోయాల్సిందే. కోయకుండా లోపలికి చూసే దారి మనుషుల వైద్యం నుంచి వచ్చింది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు మృతదేహపు మోకాలిలోకి మూత్రాశయ పరీక్షకు వాడే గొట్టం పెట్టి చూశాడు. ఆయన శిష్యుడు మసాకి వతనబే 1962లో ఆ పద్ధతిలోనే మోకాలి శస్త్రచికిత్స చేశాడు. 1970ల నాటికి ఆర్థ్రోస్కోపీ అనే ఈ విద్య గుర్రాలకు అందింది. పశువైద్యుడు వేన్ మెకిల్‌రైత్ 1984లో దానిపై ప్రామాణిక గ్రంథం వెలువరించాడు.

పందెపు గుర్రాలకు తరచుగా దెబ్బతినే కీళ్లలో ఒకటి ముందుకాలి ‘మోకాలు’. అది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. గుర్రానికి పూర్తి మత్తిచ్చి, కీలును సెలైన్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రంలోంచి ఆర్థ్రోస్కోప్ అనే 4 మిల్లీమీటర్ల గొట్టం దించుతారు. మరో రంధ్రంలోంచి పట్టకారు పంపి, తెరమీద చూస్తూ విరిగిన ఎముక ముక్కను లాగేస్తారు.

ముక్క తీయడానికే కాదు, కీలు కడగడానికీ ఇది పనికొస్తుంది. చీము పట్టిన కీలుకు కడగడమే ప్రాణాధారం. చీములోని ఎంజైములు మృదులాస్థిని తినేస్తాయి. పోయింది మళ్లీ మునుపటిలా పెరగదు. అప్పుడే పుట్టిన గుర్రపు పిల్లల్లో బొడ్డు నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తం ద్వారా కీళ్లకు చేరుతుంది. ఆర్థ్రోస్కోప్ ఉంటే లోపలి పొరలను చూస్తూ శుభ్రం చేయవచ్చు. లేకపోయినా రెండు లావుపాటి సూదులతో, ఒకదాంట్లోంచి లీటర్ల కొద్దీ రింగర్ లాక్టేట్ ద్రావణం ఎక్కించి రెండోదాంట్లోంచి వదిలేయవచ్చు. యాంటీబయాటిక్స్ తోడు తప్పనిసరి.

ఆనాటి ఓరుగల్లు అయిన నేటి వరంగల్‌లో గుర్రమంటే బరాత్ గుర్రమే. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. కీలు దగ్గర గాయమైనా, పిల్లకు కీళ్లు వాచినా వాతలు పెట్టించకండి. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.