గుంట మగ్గం, ఎత్తు పెరిగిన వీధి: వేలూరు, గుడియాత్తం కార్మిక పేటల పునరభివృద్ధిపై ఒక పరిశీలన

నగరాల పునరభివృద్ధి మీద మన దగ్గర జరిగే చర్చ చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: పేదవాడి ఇల్లు నిలిచిందా, కూలిందా? నిలిస్తే మేలు, కూలితే అన్యాయం అని లెక్క వేసుకుంటాం. చేతిపని మీద బతికే పేటకు ఈ లెక్క చాలదు. అక్కడ ఇల్లే కార్ఖానా, వీధే దాని ముంగిలి. గోడ మీద గునపం పడకుండానే ఆ ఇంట్లో పని ఆగిపోవచ్చు. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం పట్టణాల్లో గత పదేళ్లలో వచ్చిన మార్పులను ఈ వైపు నుంచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడి కార్మిక పేటల్లో అభివృద్ధి పథకాలు నివాసాన్ని కొలిచాయి, పనిచోటును కొలవలేదు. నష్టం ఎక్కువగా జరిగింది కొలవని చోటే అన్నది నా వాదన.

తెలుగువారికి ఇవి పరాయి ఊళ్లు కావు. అరవీటి రాజుల రాజధానుల్లో వేలూరు ఒకటి. పాతతరం దాన్ని రాయవేలూరు అనే పిలిచింది. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరే, ఆ తర్వాత అది వేలూరుకు మారింది. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాల మధ్య ఊళ్లు చేతులు మారాయి గాని రాకపోకలు మారలేదు. చిత్తూరు నుంచి పరదరామి మీదుగా గుడియాత్తానికి, పలమనేరు, చిత్తూరు నుంచి జబ్బు చేసినవాళ్లను తీసుకుని వేలూరు పెద్దాసుపత్రికి జనం ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. గుడియాత్తంలో ఒక పేట పేరే నెల్లూరుపేట. ఊరి పెద్ద పండుగ గంగమ్మ శిరస్సు ఊరేగింపు. తిరుపతి గంగజాతర ఎరిగినవాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

గుడియాత్తానికి రాజకీయ చరిత్రలో ఒక చోటుంది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైంది ఇక్కడి ఉపఎన్నికలోనే. అయితే ఊరిని నడిపింది రాజకీయం కాదు, మూడు చేతిపనులు: లుంగీ నేత, అగ్గిపెట్టెలు, బీడీలు. పక్కనే పేర్ణాంబట్టులో తోళ్ల పరిశ్రమ. ఇవన్నీ కార్ఖానాల్లో కన్నా ఇళ్లలో, ఇళ్ల ముందు ఎక్కువగా పెరిగిన పనులు.

నేత సంగతే ముందు చూద్దాం. మగ్గం మీదికి ఎక్కేముందు పడుగుకు గంజి పట్టించాలి, చాపాలి, కుంచెతో దువ్వాలి. దానికి ఏ ఇల్లూ చాలదు, వీధి పొడవు కావాలి. ఎండ ముదరకముందే, బండ్లు తిరగకముందే పని అయిపోవాలి. నేతపేటల్లో వీధులు తిన్నగా, పొడుగ్గా ఉండడానికి కారణాల్లో ఇదొకటి. ఈ రోజుల్లో గంజి పట్టిన పడుగును బయటినుంచి కొనుక్కునేవారు పెరిగారు కాబట్టి వీధి అవసరం కొంత తగ్గిందనడం నిజమే. కానీ అలా కొన్న పడుగుకు సావుకారుకు బాకీ పడాలి. వీధిలో చేసుకున్న పడుగుకు ఒళ్లు మాత్రమే అలుస్తుంది. వీధి ఖాళీగా ఉండడం నేతగాడికి ఒక రకమైన పెట్టుబడి అని నేనంటే అతిశయోక్తి అనుకోవద్దు.

ఇంటి లోపల గుంట మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి కర్రలు తొక్కుతాడు. నేలలోని చెమ్మ వల్ల నూలు పెళుసుబారదు, తెగదు. వానాకాలంలో ఆ గుంటే శత్రువవుతుంది. ఊట వచ్చినా, వీధి నీళ్లు గడప దాటినా ముందు నిండేది అదే. మంచం ఎత్తి గోడకు ఆనించవచ్చు, బియ్యం డబ్బా అటక ఎక్కించవచ్చు, గుంటను ఎత్తలేం. నీళ్లు తోడి, నేల ఆరి, చెక్క మళ్లీ సర్దుకునేదాకా కూలి లేదు. అందుకే గుంట మగ్గం ఉన్న ఇంటికి తన గడపకూ వీధికీ మధ్య ఉన్న ఎత్తు ప్రాణప్రదం.

పునరభివృద్ధి నేరుగా దెబ్బకొట్టేది ఈ ఎత్తునే. పాత రోడ్డును గీకకుండా దాని మీదే మళ్లీ తారు, కొన్నాళ్లకు దాని మీద కాంక్రీటు. ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోతే వీధి పెరుగుతుంది, ఇల్లు దిగుతుంది. ఇది తమిళనాడు అంతటా ఉన్న జబ్బే. పాత పొరను గీకి తీసిన తర్వాతే కొత్త రోడ్డు వేయాలని 2021 మేలో రాష్ట్ర ప్రధాన కార్యదర్శే ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ఆదేశం వచ్చినంత మాత్రాన అప్పటికే పెరిగిన వీధి దిగిరాదు. డబ్బున్నవాడు ఇల్లు పడగొట్టి ఎత్తుగా కట్టుకుంటాడు, లేనివాడు గడపకు అడ్డంగా రెండు వరసల ఇటుకలు పేరుస్తాడు. ఆ ఇటుకలు నీళ్లను ఆపినట్టే నూలు బండినీ, రాట్నం బయటికి తెచ్చుకునే ముసలామెనూ ఆపుతాయి.

వేలూరును కేంద్రం స్మార్ట్ సిటీగా ఎంపిక చేసింది 2016 సెప్టెంబరులో. అదే జాబితాలో తిరుపతి కూడా ఉంది. భూగర్భ మురుగునీటి పనులు, కాంక్రీటు వీధులు, కాలువలు, దీపాలు, 2022లో తెరిచిన కొత్త బస్టాండు, ఇలా ఊరు మారిన మాట వాస్తవం. పని ఎలా జరిగిందో చెప్పడానికి దేశమంతా నవ్వుకున్న ఒక సంఘటన చాలు. 2022 జూన్‌లో కాళియమ్మన్ కోయిల్ వీధిలో రాత్రికి రాత్రే కాంక్రీటు పోస్తూ, పక్కన నిలిపి ఉన్న మోటారు సైకిల్‌ను కదిలించకుండా దాని చక్రాలతో సహా పోసేశారు. పొద్దున లేచిన బండి యజమాని రోడ్డు పగలగొట్టుకుని బండి తీసుకున్నాడు. అదే ఏడాది ఒక కాలువ పనిలో చేతిపంపును కూడా కాంక్రీటులో బిగించేశారు. పత్రికలు దీన్ని గుత్తేదారు తెలివితక్కువతనంగా రాశాయి. నాకు మాత్రం ఇది పథకం చూపులోని లోపంగా కనిపిస్తుంది. వీధిలో ఎవరిదో ఒక వస్తువు ఉంది, ఎవరో దాన్ని వాడుకుంటున్నారు అన్న ఊహ ఆ పనికి అవసరం కాలేదు. బండి కాబట్టి ఫొటో తీశారు, పడుగు చాపే చోటు పోతే ఫొటోలో పడేదేముంది?

వేలూరులోనే ఇంకొక రకం మార్పు ఉంది. దానికి ప్రభుత్వం పథకమేదీ వేయలేదు. 1900లో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ). దాని ఎదుటి సందుల్లో, బాబూరావు వీధి చుట్టుపక్కల, ఇళ్లు లాడ్జీలయ్యాయి. బోర్డుల మీద బెంగాలీ అక్షరాలు, హోటళ్లలో చేపల పులుసు, వరండాలో గ్యాస్ స్టవ్ మీద వండుకుంటున్న రోగి బంధువులు. బెంగాల్, ఝార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు వారాలు, నెలలు ఉంటారు. 1964లో సమాజశాస్త్రవేత్త రూత్ గ్లాస్ లండన్ కార్మిక పేటల గురించి రాస్తూ జెంట్రిఫికేషన్ అన్న మాట పుట్టించినప్పుడు ఆమె దృష్టిలో ఉన్నది డబ్బున్న మధ్యతరగతి వచ్చి కార్మికుణ్ణి నెట్టేయడం. వేలూరులో వచ్చినవాడు షావుకారు కాడు. పొలం అమ్మి, పుస్తె తాకట్టు పెట్టి రోగిని తీసుకొచ్చినవాడు. అయినా ఫలితం ఒకటే. ఒక గదికి రోజు లెక్కన అద్దె వచ్చేచోట నెల లెక్కన ఇచ్చే ఆటో డ్రైవరుకు, ఆసుపత్రి ఆయాకు చోటు మిగలదు. ఒక పేదవాడి కష్టం ఇంకో పేదవాడి అద్దెను పెంచడం పాశ్చాత్య సిద్ధాంతాల్లో సరిగ్గా ఇమడదు. మన పరిశోధకులు దీన్ని విడిగా పట్టించుకోవలసిన అవసరం ఉంది.

ఆ ఆదాయం నమ్మదగినదీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన రోగులను మే నెలలో కాట్పాడి నుంచి ప్రత్యేక రైళ్లలో పంపేశాక ఆ సందులు బోసిపోయాయి. 2024 ఆగస్టు తర్వాత బంగ్లాదేశీయులకు వీసాలు బాగా తగ్గించారు. 2022 నుంచి రాణిపేట దగ్గర సీఎంసీ కొత్త ప్రాంగణం కూడా నడుస్తోంది. అప్పు చేసి మేడ మీద మేడ కట్టినవాళ్ల సంగతి అలా ఉంచితే, ఆ మేడ కోసం ఖాళీ చేసి వెళ్లిన కార్మికుడు మాత్రం తిరిగి రాలేదు.

మళ్లీ గుడియాత్తానికి వద్దాం. అసలు చిక్కు అక్కడి నది ఒడ్డున ఉంది. కౌండిన్య నది మన పలమనేరు అడవుల వైపు నుంచి దిగి, మోర్దానా ఆనకట్ట దాటి, ఊరి మధ్యగా సాగి పాలారులో కలుస్తుంది. ఏళ్ల తరబడి ఎండి ఉండడంతో ఒడ్డునే కాదు, గర్భంలోకీ ఇళ్లు వచ్చాయి. 2021 నవంబరు వానల్లో నది నిండుగా పారింది, ఒడ్డు పేటల్లోకి నీళ్లొచ్చాయి. ఆ తర్వాత ఆక్రమణల తొలగింపు మొదలైంది. నది గర్భంలో ఇల్లు ఉండకూడదన్న మాటలో తప్పులేదు. ఉంటే పోయేది ముందు ఆ ఇంటివాళ్ల ప్రాణమే. ప్రశ్న తర్వాతిది: వాళ్లు ఎక్కడికి వెళ్లాలి, వెళ్లినచోట ఏం చేసి బతకాలి?

బీడీ చుట్టే ఆడమనిషిని తీసుకుందాం. ఆమెకు ఆకు, తంబాకు, దారం ఇచ్చేది పేటలోని ఏజెంటు. చుట్టిన వేలను లెక్కపెట్టుకునేదీ, ఆకు నాణ్యత బాగాలేక విరిగితే ఆ కోతను ఎంతో కొంత సర్దేదీ అతనే. ఈ లావాదేవీ నడక దూరంలో ఉంటేనే సాగుతుంది. నాలుగైదు కిలోమీటర్ల అవతల మూడో అంతస్తులో ఫ్లాటు ఇస్తే ఆటో ఖర్చే కూలిని మింగుతుంది. ఫ్లాటులో గుంట తవ్వలేం కాబట్టి నేతగాడికి మగ్గమే పోతుంది. తమిళనాడు ప్రభుత్వం చేనేత మగ్గానికి రెండు నెలలకు 200 యూనిట్లు ఇస్తున్న ఉచిత విద్యుత్తును 2023లో 300కు పెంచింది. మరమగ్గాలకు 750 నుంచి 1000కి పెంచింది. మంచి పనే. కానీ ఆ కరెంటు మగ్గం కోసం ఇచ్చేది, మగ్గం లేని ఫ్లాటుకు అది చేరదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చేతిమగ్గానికే ప్రత్యేకించిన రకాల్లో లుంగీ ఉంది. ఒక శాఖ మగ్గాన్ని కాపాడే చట్టం చేస్తుంటే ఇంకొక శాఖ మగ్గం పట్టని ఇల్లు కట్టిస్తోంది.

ఇళ్లలోని ఈ పని ఏమంత సుందరమైనది కాదని కూడా ఇక్కడే చెప్పాలి. పసిబిడ్డ నిద్రపోయే గదిలోనే తంబాకు దుమ్ము. అగ్గిపెట్టెల పరిశ్రమకు బాలకార్మికుల చరిత్ర ఉంది. తోళ్ల పరిశ్రమ పాలారును ఏం చేసిందో వేలూరు పౌర సంక్షేమ వేదిక కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని ఆ తీర్పు చెప్పింది. కనుక పేటను ఉన్నది ఉన్నట్టు ఉంచమని అడగడం లేదు. పనిని ఇంట్లోంచి బయటికి తెస్తానంటే సంతోషమే. అయితే తెచ్చి ఎక్కడ పెడతారో ముందు చూపించాలి. నడక దూరంలో సామూహిక మగ్గాల షెడ్డు, గాలి వెలుతురు వచ్చే బీడీ గది, అక్కడే పిల్లలకు అంగన్‌వాడీ. వీటికి పెద్ద విజ్ఞానం అక్కర్లేదు, స్థలం కేటాయింపు కావాలి. బస్టాండుకు స్థలం దొరికిన ఊళ్లలో దీనికి దొరకదంటే నమ్మడం కష్టం.

ఇది తమిళనాడుకే పరిమితమైన సంగతి కాదు. 2024లో హైదరాబాదులో మూసీ ఒడ్డు ఇళ్ల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసి, కొన్నింటిని కూల్చి, కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపినప్పుడూ చర్చ ఇంటి చుట్టూనే జరిగింది. అక్కడి మెకానిక్‌లు, బట్టలు ఉతికేవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు పనిని ఎలా వెంట తీసుకెళ్తారన్నది రెండో పేజీ వార్త అయింది.

చట్టంలో దారి పూర్తిగా లేకపోలేదు. బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని 1985లో ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం మరో అడుగు ముందుకేసి, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ ప్రధాన జీవనాధారం కోల్పోయే చేతివృత్తులవాళ్లను, భూమి లేకపోయినా, బాధిత కుటుంబాల్లో చేర్చింది. అయితే నది పోరంబోకు మీది ఇంటిని తొలగించడం భూసేకరణ కిందికి రాదు. దానికి వాడేది 1905 నాటి భూ ఆక్రమణ చట్టం, తమిళనాడులోనూ ఆంధ్రలోనూ అదే. ఆ చట్టానికి ఆక్రమించినవాడు తెలుసు, నేతగాడు తెలియదు. కౌండిన్య ఒడ్డు కుటుంబం పడింది ఈ రెండు చట్టాల మధ్య ఖాళీలోనే.

ఈ ఖాళీని పూడ్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. పునరభివృద్ధి సర్వే కాగితంలో ఒక వరస చేర్చమని పురపాలక శాఖలను కోరాలి: ఈ ఇంట్లో ఏ పని జరుగుతుంది, ఎంతమంది చేస్తారు, దానికి ఎంత నేల, ఎంత వీధి, ఎంత కరెంటు కావాలి, ముడిసరుకు ఎవరిస్తారు. ప్రతి గడప ఎత్తునూ రోడ్డు పనికి ముందు, తర్వాత నమోదు చేయాలి. గుడియాత్తానికి ఇది ఎంత అవసరమో మంగళగిరికి, చీరాలకు, సిరిసిల్లకు అంతే అవసరం. ఆ వరస నింపనిదే ఇల్లు కూల్చడానికీ, వీధి ఎత్తు పెంచడానికీ అనుమతి ఇవ్వకూడదు.