సోల లెక్క

మా నాయనమ్మ బియ్యం ఇత్తడి సోలతో కొలిచేది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సోల నిండా ముంచి, అరచేత్తో అంచుకు సమంగా రాసి, పైగింజల్ని డబ్బాలోకే తోసేది. చుట్టం వస్తే ఇంకో గిద్దె. ఎసట్లో పోసేముందు గుప్పెడు వెనక్కి తీసి ముంతలో వేసేది. పిసినారితనమని తాతయ్య ఎగతాళి. నాకైతే అదే అసలు పొదుపు. రాత్రి మిగిలేది కూడా లెక్కలోదే, పిల్లల చద్దన్నానికి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, బజార్లోకి కిలోలు దిగినా వంటింట్లో సోల కదల్లేదు. 1965లో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి వారానికో పూట భోజనం మానమంటే, సోమవారం రాత్రి సోలను ముట్టేది కాదు. తాతయ్యకు మాత్రం అటుకులు నానబెట్టేది.