గృహవ్యయము నుండి గగనయానమునకు

1981వ సంవత్సరము మే నెల 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, తన విమానములలో తరచుగా పయనించువారి పేర ఖాతాలు తెరచి, వారు గడచిన ప్రతి మైలును అందు జమకట్టి, తగినన్ని మైళ్లు కూడిన పిమ్మట వెల లేని టికెట్టు నొసగు పద్ధతిని ‘ఆడ్వాంటేజ్’ అను పేర ప్రారంభించెను. 2026 మే నెలకు దానికి 45 ఏండ్లు. నేడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక కుటుంబము బియ్యము, పప్పులు, పిల్లల బడి ఫీజులు, కరెంటు బిల్లు మొదలగు అనుదిన వ్యయములను క్రెడిట్ కార్డుపై చెల్లించి, ఏడాది తిరుగునప్పటికి కూడిన పాయింట్లతో అండమానుకో సింగపూరుకో విమాన మెక్కుచున్నదనిన, ఆ యాత్రకు పునాది పడిన దినమది. కాని ఆ పునాది క్రింద ఇంకను పాతకాలపు రాళ్లు కలవు. వానిలో పెక్కింటిని పేర్చినది ఇల్లు నడపిన ఇల్లాండ్రు కావున, ఈ చరిత్రను విమానాశ్రయమునుండి గాక సంతనుండి మొదలిడుటయే న్యాయము.

కొలిచినదానిపై మరికొంత చేర్చి పంపుట అన్ని దేశముల వర్తకులలోను ఉన్న మర్యాద. మన సంతలలో కూరగాయల సంచిపై పడు కరివేపాకు రెబ్బయు, పాలుపోయువాడు లెక్క ముగిసిన పిదప గిన్నెలోనికి ఒంపు చివరి ధారయు, మన గృహిణులు హక్కుగా అడిగి పుచ్చుకొను కొసరులే. శతాబ్దముల పాటు ఈ చిన్న లాభము అమ్మువాని ఔదార్యముపైనను, కొనునామె వాక్చాతుర్యముపైనను ఆధారపడి, శాసనము లేక, లిఖితము లేక నడచినది. ఏనాటిది ఆనాడే వంటలో కలసిపోయినది. దానిని దాచుకొనవచ్చుననియు, చిన్నచిన్న కొసరులు కూడి ఒకనాటికి పెద్ద వస్తువు కాగలవనియు తెలిపి, అందులకు కాగితముపై ఒక గుర్తును కల్పించినవారు పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా వర్తకులు.

వారిలో జాన్ ఆర్బకిల్ అను కాఫీ వ్యాపారి, ‘ఆరియోసా’ అను పేర తాను అమ్ము వేయించిన గింజల పొట్లములపై తన సంతకముగల కూపను ముద్రించి, వానిని కత్తిరించి పంపినవారికి కత్తెరలు, క్షౌరపు కత్తులు, కిటికీ తెరలు పంపుచుండెను. 1896లో మిచిగన్ రాష్ట్రమందలి జాక్సన్ పట్టణమున థామస్ స్పెర్రీ, షెల్లీ బైరన్ హచిన్సన్ అను ఇరువురు స్థాపించిన సంస్థ ఈ ఊహను ఒక్క వర్తకుని సరకునుండి విడదీసి, ఊరిలోని పలు దుకాణములకు ఉమ్మడి చేసెను. పచ్చని స్టాంపులను సంస్థ దుకాణదారులకు అమ్మును. దుకాణదారుడు పది సెంట్ల బేరమున కొక స్టాంపు చొప్పున కొన్నవారికి ఇచ్చును. ఇల్లాలు వానిని తడిపి పుస్తకములో అంటించును. 1,200 స్టాంపులతో పుస్తకము నిండును. అనగా 120 డాలర్ల గృహవ్యయము ఒక పుస్తక మయ్యెనన్నమాట. కొన్ని పుస్తకములు కూడినచో ఇంటికి దీపమో, దుప్పటియో, పిల్లవానికి సైకిలో వచ్చును. 1960 తరువాతి సంవత్సరములలో ఈ స్టాంపులు లేని వంటిల్లు ఆ దేశమున అరుదు. ఆండీ వార్హోల్ 1962లో వానిని చిత్రవస్తువుగా స్వీకరించెను. పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణపు పిల్లలు ఊరంతయు తిరిగి స్టాంపులు పోగుచేసి తమ జంతుశాలకు గొరిల్లాలను తెప్పించుకొనిరి. ఒక్కరి అవసరమునకు కాక అందరి సంతోషమునకు ఈ చిల్లర లాభములను కలుపవచ్చునని ఆ పిల్లలు పెద్దలకంటె ముందుగా గ్రహించిరి.

ఇక గగనమునకు వచ్చెదము. 1978లో అమెరికా ప్రభుత్వము విమానముల ధరలపైనను మార్గములపైనను తనకుగల అదుపును సడలించు చట్టము చేసినంతనే సంస్థల నడుమ పోటీ చెలరేగెను. అమ్ముడుపోక ఎగిరిన కుర్చీ విమానసంస్థకు మిగుల్చునది సున్న. ఆ కుర్చీనే విశ్వాసపాత్రుడైన ప్రయాణికునకు కానుకగా ఇచ్చినచో ఖర్చు స్వల్పము, అతడు మరల తమ విమానమే ఎక్కునను భరోసా అధికము. టెక్సస్ ఇంటర్నేషనల్ సంస్థ 1979లోనే ఇట్టి ప్రయత్నము చేసియున్నను, రాబర్ట్ క్రాండల్ నాయకత్వమున అమెరికన్ సంస్థకు ‘సేబర్’ అను కంప్యూటరు వ్యవస్థ ఉండుటచేత, ఎవరు ఎన్నిమారులు పయనించిరో విడివిడిగా తెలిసికొనగలిగి, దేశమంతటికి చాలునట్టి ఖాతాను అది నడుపగలిగెను. కొలది దినములలోనే యునైటెడ్ సంస్థయు అదే బాట పట్టెను.

అయినను ఆ మైళ్లు తొలినాళ్లలో ఉద్యోగవిధిగా ఊరూరు తిరుగు పురుషునివే. ఇంట నున్నవారికి వానిలో భాగము అతని దయవలన లభించునదే. ఆ గోడను కూల్చినది కార్డు. 1950లో న్యూయార్కునందు డైనర్స్ క్లబ్బు, 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరమున బ్యాంక్ ఆఫ్ అమెరికా పంచిన కార్డులు అరువును జేబులో ఇమిడించినవి. 1987లో సిటీబ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలసి, ఖర్చుపెట్టిన ప్రతి డాలరునకు ఒక మైలు నిచ్చు కార్డు తెచ్చుటతో, నేలపై నిలుచుండి కూరలు కొన్నామె ఖాతాలోనికి సైతము ఆకాశమార్గము దిగివచ్చినది. ఆడ్వాంటేజ్ పుట్టిన 1981లోనే, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు తన క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, భారతదేశమున ఈ రంగమునకు దారితీసిన బ్యాంకులలో నొకటి అగుట తెలుగువారము సగర్వముగా చెప్పుకొనదగిన విషయము.

ఈ చరిత్ర నంతటిని ఒక్క కుటుంబకథలో చూపుమని నన్నడిగినచో, 1999వ సంవత్సరమునకు, కాలిఫోర్నియాలోని డేవిస్ పట్టణమునకు చదువరులను తీసికొనిపోవుదును. అచటి విశ్వవిద్యాలయమున సివిల్ ఇంజనీరుగా నున్న డేవిడ్ ఫిలిప్స్ అను గృహస్థుడు ఆ వసంతమున కిరాణా దుకాణమున సరకులు కొనుచు, హెల్తీ ఛాయిస్ అను ఆహారపదార్థముల డబ్బాపై ఒక ప్రకటన చదివెను. పది బార్‌కోడ్లు కత్తిరించి పంపినవారికి 500 విమానపు మైళ్లు. మే నెల ముగియులోగా పంపినచో వేయి. ఇట్టి ప్రకటనలను లక్షలమంది చదివి మరచిపోవుదురు. ఫిలిప్స్ లెక్క వేసెను. ఏ మైలు ఎంతకు పడుచున్నదో, ఆ మైలుతో కొనగల టికెట్టు విలువ ఎంతో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు, ఆ సంస్థ సరకులలో అన్నిటికంటె చౌకైనది ఏదో కనుగొనుటయే మిగిలిన పని అని అతనికి తేటపడెను.

తొలుత సూపు డబ్బాలు కనబడినవి. తరువాత గ్రోసరీ అవుట్‌లెట్ అను చౌకధరల దుకాణమున 25 సెంట్ల చాక్లెట్ పుడ్డింగు గిన్నెలు కనబడినవి. ప్రతి గిన్నెపైనను విడిగా ఒక బార్‌కోడు! రెండున్నర డాలర్లకు వేయి మైళ్లు. ఆ దుకాణమున నున్నవి చాలక, అత్తగారిని వెంటబెట్టుకొని వ్యానులో బయలుదేరి, డేవిస్ మొదలు ఫ్రెస్నో వరకు ఉన్న ఆ దుకాణపు శాఖలన్నిటిని చుట్టివచ్చెను. అల్లుడు వాహనము నడుపగా అత్తగారు తోడుండి, దుకాణము వెంబడి దుకాణము ఖాళీచేయుచు సాగిన ఆ ప్రయాణము, నా దృష్టిలో, పిదప వారికి లభించిన విమానయానముల కేమాత్రమును తీసిపోని కుటుంబయాత్ర. ఇన్నెందులకని అడిగినవారికి, రానున్న 2000వ సంవత్సరపు కంప్యూటరు విపత్తునకు ముందుజాగ్రత్తగా నిలువ చేయుచున్నామని చెప్పెనట. రహస్యము పొక్కినచో సరకు మిగులదు కదా! మొత్తము 12,150 గిన్నెలు; ఖర్చు 3,140 డాలర్లు.

ఇచట అసలు కష్టము మొదలైనది. మే నెల గడువు సమీపించుచుండ, అన్ని వేల గిన్నెలనుండి అన్ని వేల చీటీలు ఒలిచి, పదేసి చొప్పున లెక్కించి కవరులలో పెట్టవలయును. ఇంటిల్లిపాదియు కూర్చున్నను చాలదు. ఆ పుడ్డింగును తిని ముగించుట మానవసాధ్యము కాదు. అపుడు ఫిలిప్స్ సాల్వేషన్ ఆర్మీ అను ధర్మసంస్థను ఆశ్రయించి, గిన్నెలన్నియు దానముగా ఇచ్చెదననియు, ప్రతిగా వారి స్వచ్ఛందసేవకులు చీటీలు ఒలిచి ఇయ్యవలయుననియు ఒడంబడిక చేసికొనెను. ఆకలిగొన్నవారికి తీపి పదార్థము దక్కెను. చీటీలు గడువులోపల చేరెను. దానమునకు గాను పన్నులో 815 డాలర్ల మినహాయింపు సైతము లభించెను. సంస్థ మాట తప్పక 12,50,000కు పైగా మైళ్లు జమచేసెను. అందులో పది లక్షలకు మించి అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఖాతాలోనే వేసికొనుటచేత, పాతికవేల మైళ్లకు దేశములో ఒక రానుపోను టికెట్టు దొరకు ఆ దినములలో ఆ ఇంటివారికి నలువదికి పైగా ప్రయాణములకు చాలు సంపద సమకూరుటయేగాక, యావజ్జీవపు ‘గోల్డ్’ సభ్యత్వము కూడ అతనికి లభించెను. ఈ వృత్తాంతము పత్రికల కెక్కి, 2002లో పాల్ థామస్ ఆండర్సన్ తీసిన ‘పంచ్-డ్రంక్ లవ్’ చలనచిత్రములో నాయకుని కథకు ప్రేరణ యైనది.

ఈ కథను నేనింత విపులముగ చెప్పుటకు కారణ మున్నది. దీనిలో మోసము లేదు, అప్పు లేదు, ఎవరికిని నష్టము లేదు. ప్రకటనను శ్రద్ధగా చదువుట, కూడికలు తీసివేతలు తప్పక చేయుట, ఇంటివారందరు చేయి కలుపుట, మిగిలినది ఇతరులకు పెట్టుట, ఈ నాలుగే అందలి సాధనములు. పచ్చని స్టాంపులంటించిన ఇల్లాలి గుణములును ఇవియే.

తరువాతి కాలమున కథ ఇంత సూటిగా సాగలేదు; ఒక్కొక్క పాయ ఒక్కొక్క దిక్కునకు పోయినది. అమెరికా టంకశాల ఒక డాలరు నాణెములను రవాణా ఖర్చు లేకుండ ఇంటికి పంపుచుండగా, కొందరు వానిని కార్డుతో కొని, ఆ నాణెములనే బ్యాంకులో కట్టి బాకీ తీర్చి, మైళ్లు మాత్రము మిగుల్చుకొనిరి. 2011లో టంకశాల ఆ కొనుగోలుకు కార్డులను నిరాకరించెను. 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలును, మరుసటి యేడు అమెరికన్ సంస్థయు దూరమును విడిచి, టికెట్టుపై వెచ్చించిన ధనమును బట్టి మైళ్లిచ్చుట కారంభించినవి. 2020లో మహమ్మారి వలన విమానములు నేలపై నిలిచినపుడు యునైటెడ్ తన మైళ్ల పథకమును తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకొనెను. కొసరు అసలును నిలిపిన కాలమది.

మన దేశమున జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఎగురుట మానినను దాని మైళ్ల ఖాతా ‘ఇంటర్‌మైల్స్’ అను పేర బ్రతికినది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలియగా దాని సభ్యుల పాయింట్లు క్రొత్త యజమాని పద్దులోనికి మారినవి. డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబము బడి సెలవులలో నలుగురు స్వదేశమునకు రావలయునన్న, టికెట్ల ధర మిన్నంటు ఆ నెలలలో, కార్డు పాయింట్లే తాతగారి యింటికి వారధి యగుచున్నవి. అమ్మమ్మ పురుడు పోయుటకు పోవు టికెట్టు సైతము కొన్ని ఇండ్లలో ఈ ఖాతానుండియే వచ్చుచున్నది.

ఈ పాయింట్లు ఎచటినుండి పుట్టుచున్నవో కూడ తెలిసియుండుట మన విధి. కార్డు గీసినపుడెల్ల దుకాణదారుడు సొమ్ములో కొంత భాగము బ్యాంకులకు వదలుకొనును. అందులోని ఒక పాలు మనకు పాయింట్లుగా వచ్చును. ఆ రుసుము సరకు ధరలో కలసిపోవుటచేత నగదు చెల్లించు పేదవాడు కూడ తనకు దక్కని లాభమునకు వెల కట్టుచున్నాడు. ఐరోపా సమాఖ్య 2015లో క్రెడిట్ కార్డులకు ఆ రుసుమును నూటికి 0.3కు పరిమితము చేయుటతో అచట పాయింట్ల ధారయు సన్నగిలెను. రెండవ ఆధారము బాకీదారుని వడ్డీ. మన దేశమున బిల్లు పూర్తిగా కట్టనివానిపై నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడును. ఏడాది పొడుగున కూర్చిన పాయింట్ల విలువను అది కొద్ది నెలలలోనే మ్రింగివేయగలదు. కావున అప్పు మిగుల్చు అలవాటున్న ఇంటికి ఈ మార్గము తగదు. వారికి విహారయాత్ర కన్న ఋణవిముక్తి ముఖ్యము.

బిల్లును గడువులోపల పూర్తిగా తీర్చువారు మాత్రము రెండు నియమములు పాటింపవలయును. పాయింట్ల కొరకని అవసరము లేని వస్తువు కొనరాదు. కూడిన పాయింట్లను ఏండ్ల తరబడి మురుగబెట్టరాదు. ఒక టికెట్టుకు ఎన్ని మైళ్లు కావలయునో నిర్ణయించునది సంస్థయే కావున, ముందస్తు మాట లేకయే ఆ లెక్క పెరుగవచ్చును. నిలువయున్న పాయింటు ఏటేట చిక్కిపోవుటయే గాని పెరుగుట లేదు. పన్నులు, అదనపు రుసుములు నగదుగా కట్టవలయునని ముందే గ్రహించి, ఎచటికి పోవలయునో ఇంటిల్లిపాదియు కూర్చుండి నిశ్చయించి, దానికి తగిన పథకమునే ఎన్నుకొనుట వివేకము.

ఖాతా ఎవరి పేరనున్నను, ఆ పాయింట్లు ఇల్లంతయు తిన్న అన్నమునుండి, పిల్లలు చదివిన చదువునుండి, ముసలివారు మ్రింగిన మందులనుండి పుట్టినవి. కావున వానిపై ఇంటిలోని ప్రతివారికిని హక్కు గలదు. ఇంతవరకు విమాన మెక్కని అవ్వకు ఆ హక్కు అందరికన్న ముందు. ఈ వేసవిలో పాయింట్ల లెక్క చూచుకొను ప్రతి గృహస్థుడును మొదటి టికెట్టు ఆమె పేర తీయవలయునని నా కోరిక.