తొక్కింది ఎవరో బాంబుకి తెలీదు

వానలు పడగానే మన ఫోన్లలో బొగత జలపాతం రీల్స్ మొదలవుతాయి కదా. ఆ జలపాతం ములుగు జిల్లా వాజేడు మండలంలో ఉంది. అదే మండలంలో 2024 జూన్ 3న జగన్నాథపురం నుంచి కొందరు కట్టెల కోసం కొంగాల అడవికి వెళ్లారు. వాళ్లలో ఒకాయన ప్రెషర్ బాంబు మీద కాలేశాడు. ప్రాణం పోయింది. పోలీసుల కోసం మావోయిస్టులు పెట్టిన బాంబు అది. చనిపోయింది మాత్రం పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకుందామని వెళ్లిన మనిషి.

మా మొగుడంపల్లి తెలంగాణకి ఈ చివర, వాజేడు ఆ చివర. మా దగ్గర బండి మీద పోతుంటే లారీలకి భయపడతాం. నేలకి భయపడం. అక్కడి నేల అలా ఎందుకైంది? ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఒక్క ప్రశ్న పట్టుకుని చూద్దాం: బాంబు పేలాలా వద్దా అని డిసైడ్ చేసేది ఎవరు?

ఒకప్పుడు మందుపాతర అంటే, దూరంగా ఒకడు కూర్చుని, ఫలానా బండి వచ్చిందని చూసి పేల్చేవాడు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని అలాగే చంపారు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు మీద క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. తప్పో ఒప్పో, ఆ నిర్ణయం వెనక ఒక మనిషి ఉన్నాడు.

మరి మనిషి చూసి పేలిస్తే సామాన్యులు బతికారా? లేదు. చింతూరు దాటాక ఛత్తీస్‌గఢ్‌లో వచ్చే ఊరు కుంట. 2006 ఫిబ్రవరి 28న అక్కడికి దగ్గర్లోని దర్భగూడలో, సల్వాజుడుం సభ నుంచి తిరిగొస్తున్న ఊరివాళ్ల లారీని పేల్చారు. పాతిక మంది దాకా పోయారు. 2010 మే 17న చింగావరం దగ్గర ఏకంగా బస్సునే లేపేశారు. అందులో ఎస్పీవోలున్నారు, మామూలు ప్రయాణికులూ ఉన్నారు. 30 మందికి పైగా చనిపోయారు.

ఇంకోవైపు కూడా చెప్పాలి. సర్కారు అండతో నడిచిన సల్వాజుడుం కాలంలో ఊళ్లు తగలబడ్డాయి. వేలమంది ఆదివాసీలు అడవి దాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకి వచ్చేశారు. ఆదివాసీ యువకులకి తుపాకులిచ్చి ఎస్పీవోలుగా ముందుకి తోయడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రెషర్ బాంబు దగ్గర కథ ఇంకా మారింది. దాన్ని కాపలా కాసేవాడు లేడు, చూసి ఆగేవాడు లేడు. బరువు పడిందా, పేలిందా, అంతే. పోలీసు బూటైనా, తునికాకుకి వెళ్లిన ఆడమనిషి కాలైనా, మేకైనా దానికి ఒకటే. మనిషి తగిలితే పేలే మైన్లని 1997 ఒట్టావా ఒప్పందం నిషేధించింది కూడా అందుకే. మన దేశం దాని మీద సంతకం చెయ్యలేదు.

2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ఒక లేఖ వదిలారు: కర్రెగుట్టల మీద బాంబులు పెట్టాం, అటు రావద్దని. అడవి మీద బతికేవాళ్లకి అడవికి రావద్దంటే ఏం చేస్తారు చెప్పండి?

అదే ఏడాది అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. ఆయన వెంట 60 మంది. మనుషులు లొంగిపోతారు ఫ్రెండ్స్. పాతిన బాంబు లొంగిపోదు. యుద్ధం అయిపోయిందని దానికి ఎవరూ చెప్పలేరు. వెతికి తీసేదాకా అది ఎవరో ఒకరి కాలి కోసం చూస్తూనే ఉంటుంది.

ఈసారి బొగత వెళ్తే జలపాతం చూడండి, రీల్ చేసుకోండి. దారి వదిలి అడవిలోకి మాత్రం పోకండి. మనకి అది ఒక్కరోజు జాగ్రత్త. అక్కడివాళ్లకి అది రోజూ ఉండేదే. ఉంటా మరి.