ఆసుపత్రి నుంచి ఇంటి దాకా: వందనా గోపీకుమార్ నడిచిన దారి

ఆరోగ్యం అంటే మన సంఘాల్లో బీపీ, షుగర్, రక్తహీనత గురించి మాట్లాడుకుంటాం. మనసుకు వచ్చే జబ్బు మాట చాలా అరుదు. గాలి సోకిందనో, ఆమె తీరే అంతనో వదిలేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే ఈ ఏడాది నివేదికలో, పక్క రాష్ట్రం తమిళనాడులో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్న ఒక సోషల్ వర్కర్ చరిత్ర చెప్పుకుంటున్నాం.

వందనా గోపీకుమార్ మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చదివారు. అది డాక్టరు చదువు కాదు. జబ్బుపడిన మనిషికి ఇల్లుందా, పని ఉందా, పలకరించేవాళ్లు ఉన్నారా అని చూసే చదువు. 1993లో ఆమె, స్నేహితురాలు వైష్ణవి జయకుమార్ కలిసి చెన్నైలో 'ది బన్యన్' సంస్థ పెట్టారు. బన్యన్ అంటే మర్రిచెట్టు. మతిస్థిమితం తప్పి రోడ్ల మీద తిరిగే ఆడవాళ్లకు నీడ ఇవ్వడంతో పని మొదలైంది. తిండి, వైద్యం, తర్వాత ఊరు, పేరు కనుక్కుని ఇంటికి చేర్చడం.

ఆ రోజుల్లో ఈ పని ఎంత అవసరమో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు.

అందరికీ తిరిగి వెళ్లే ఇల్లు ఉండదు. కొందరిని ఇంటివాళ్లే వద్దంటారు. నయమయ్యాక కూడా ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయినవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ సంస్థ 'హోమ్ అగైన్' మొదలుపెట్టింది. మామూలు వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి ఉంటారు. వంట వండుకుంటారు, బజారుకి పోతారు, పక్కింటివాళ్లతో మాట్లాడతారు. తోడుగా ఒక కార్యకర్త ఉంటారు.

జాతీయ మానసిక ఆరోగ్య విధానం 2014లో వచ్చింది. దాన్ని తయారుచేసిన బృందంలో వందన ఒకరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో మెట్టు. రోగిని గొలుసులతో కట్టడం నేరుగా నిషేధించారు. ఇల్లు లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచకూడదని కూడా అందులో ఉంది.

ఈ చరిత్రలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. మందులు డాక్టరే రాయాలి, అవి మానకూడదు. కానీ మందు వేసుకున్నావా అని అడిగే మనిషి, కూర్చోమని చోటు ఇచ్చే నలుగురు లేకపోతే కోలుకోవడం కష్టం. ఆ నలుగురూ మన సంఘంలోనే ఉన్నారు.

సమావేశాలకు రావడం మానేసిన సభ్యురాలి ఇంటికి ఇద్దరు వెళ్దాం. వాయిదా సంగతి తర్వాత, ముందు నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడుగుదాం. చచ్చిపోవాలనిపిస్తోంది అంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే ఆసుపత్రికి తోడు వెళ్దాం. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు ప్రతి సంఘం తీర్మానాల పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలని కోరుతున్నాం.