బిడ్డ ఎవరి పక్షం? వకీలు ఎవరి పక్షం?

‘వకాల్తా’ అనే మాట అరబ్బీ, పారసీ భాషల మీదుగా మనకు వచ్చింది. ఒకరి పక్షాన మరొకరు నిలిచి పలకడం దాని భావం. ఆస్తి తగాదాలో మన పక్షాన పలికేవారు లేకపోతే పోయేది నేలో, నగో. బిడ్డ కోసం నడిచే వ్యాజ్యంలో అయితే పోయేది బిడ్డే. వకీలుకు ఇచ్చుకోగలిగినవారికే బిడ్డ దక్కుతుందా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. చరిత్రలో దీనికి చక్కని దృష్టాంతంగా రెండు వ్యాజ్యాలున్నాయి. రెండింటిలోనూ ప్రతివాది ఒకే స్త్రీ. మొదటిది లండనులో జరిగింది. రెండవది మన మదనపల్లె పిల్లల కోసం చెంగల్పట్టులో మొదలై మళ్లీ లండనులోనే ముగిసింది. ఆ స్త్రీ అనీబిసెంట్.

ముందుగా ఆనాటి ఇంగ్లీషు శాసనం సంగతి. 1839కి పూర్వం అక్కడ బిడ్డ మీద సర్వాధికారమూ తండ్రిదే. కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి తన ముగ్గురు కొడుకులకూ దూరమై, కలంతో పోరాడిన ఫలితంగా ఆ సంవత్సరం ఒక చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు బిడ్డల కోసం తల్లి చాన్సరీ కోర్టును అర్థించవచ్చునన్నారు. 1873లో ఆ వయసును పదహారేళ్లకు పెంచారు. అయితే హక్కు కాగితం మీదికి వచ్చినంత మాత్రాన చేతికి అందదు. చాన్సరీ అంటే కాలాన్నీ ధనాన్నీ హరించే కోర్టుగా పేరుపడింది. డికెన్సు ‘బ్లీక్ హౌస్’ నవల రాసింది ఆ కోర్టు తీరు మీదనే. పైగా ఆ రోజుల్లో స్త్రీలు న్యాయవాదులు కావడానికి అనుమతి లేదు. ఇంగ్లండులో 1919లోనూ, మన దేశంలో 1923లోనూ గాని చట్టం ఆ తలుపు తెరవలేదు.

1873లో అనీబిసెంట్ తన భర్త, మతాచార్యుడైన ఫ్రాంక్ బిసెంట్ నుంచి విడిపోయింది. ఒప్పందం ప్రకారం కొడుకు డిగ్బీ తండ్రి వద్ద, కూతురు మేబెల్ తల్లి వద్ద ఉండాలి. 1877లో ఆమె చార్లెస్ బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణను గూర్చిన పుస్తకం ప్రచురించి విచారణకు గురైంది. మరుసటి సంవత్సరమే భర్త చాన్సరీ కోర్టుకెక్కాడు. నాస్తికురాలైన తల్లి వద్ద బిడ్డ పెరగరాదని అతని వాదం. న్యాయమూర్తి సర్ జార్జి జెస్సెల్ ఎదుట ఆమె వకీలు లేకుండా స్వయంగా నిలిచి వాదించింది. ఒక స్త్రీ స్వయంగా వాదించుకొనడమేమిటని ఆయన విస్తుపోయాడు. ఆమె బిడ్డను ప్రేమగా చూసుకొన్నదని ఒప్పుకొంటూనే, ఆమె భావాల కారణంగా బిడ్డను తండ్రికి అప్పగించమన్నాడు. అప్పటికి మేబెల్‌కు ఎనిమిదేళ్లయినా నిండలేదు. 1879లో అప్పీలు కూడా వీగిపోయింది. పెద్దవారైన తరువాత పిల్లలిద్దరూ తల్లిని చేరుకొన్నారు గాని, పోయిన బాల్యాన్ని ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు?

ఇక రెండవ వ్యాజ్యం. జిడ్డు నారాయణయ్య గారు రెవెన్యూ శాఖలో పనిచేసి, సగం జీతం పింఛనుతో విశ్రాంతి పొందినవారు. భార్య సంజీవమ్మ గారు 1905లోనే గతించారు. 1909లో ఆయన కుమారులతో అడయారు చేరి దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరారు. ఆ సమాజానికి అధ్యక్షురాలు అనీబిసెంట్. 1910 మార్చిలో ఆయన కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను ఆమెకు అప్పగిస్తూ సంతకం చేశారు. పిల్లలు చదువు కోసం ఇంగ్లండు వెళ్లారు. తరువాత తండ్రి మనసు మారింది. 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశారు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది.

తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు వాదించారు. అనీబిసెంట్ ఈసారి కూడా స్వయంగానే వాదించుకొన్నారు. మూడు దశాబ్దాల క్రితం ఏ కోర్టులో తల్లిగా ఓడిందో, ఆ అనుభవం ఆమె వెనుక ఉన్నది. 1913 ఏప్రిలులో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించాలని తీర్పు చెప్పారు. అప్పీలులోనూ, అదే ఏడాది, తండ్రి పక్షమే నెగ్గింది. (ఆ అయ్యరు గారే తరువాత హోంరూలు ఉద్యమంలో బిసెంటమ్మకు కుడిభుజమయ్యారు. ఇదొక చిత్రం.)

ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత. నారాయణయ్య గారు ఇంట గెలిచారు. రచ్చ మాత్రం సీమలో ఉంది. 1914 మేలో ప్రివీ కౌన్సిలు మద్రాసు తీర్పును కొట్టివేసింది. తండ్రి ఇచ్చిన అనుమతి ఆయన తిరిగి తీసుకోదగినదేనని ఒప్పుకొన్నది. అయితే పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసించడం లేదు గనుక ఆ కోర్టుకు అధికారం లేదన్నది. పిల్లల పక్షాన పలికేవారెవరూ ఆ దావాలో లేరన్నది. కావలసివస్తే తండ్రి ఇంగ్లండు హైకోర్టును ఆశ్రయించవచ్చునని దారి చూపింది.

ఆ దారి ఎటువంటిదో ఆలోచించండి. ఒక పింఛనుదారు ఓడ ఎక్కి, లండనులో వకీలును పెట్టుకొని, బిసెంటమ్మ కూతురిని పోగొట్టుకొన్న ఆ చాన్సరీ విభాగంలోనే నిలవాలి. హక్కు ఉన్నది, చేరుకొనే దారి లేదు. వ్యాజ్యం అంతటితో ముగిసింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడంటారు. ఇక్కడ రెండుమార్లు గెలిచిన తండ్రే చివరకు ఆ పిల్లలు లేకుండా మిగిలారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ప్రివీ కౌన్సిలు ఎత్తిచూపిన లోపం. తల్లి పక్షం, తండ్రి పక్షం, సమాజం పక్షం అన్నీ ఉన్నాయి. బిడ్డ పక్షం లేదు.

ఇప్పటి స్థితి కొంత మెరుగు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులో ‘పాపరు దావా’ అని ఒకటుండేది. నిరుపేదకు కోర్టు ఫీజు మినహాయింపు అన్నమాట, వకీలు ఖర్చు మాత్రం ఎవరిది వారిదే. 1976 సవరణతో కోర్టే వకీలును నియమించే వీలు కలిగింది. అదే ఏడాది రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేరింది. 1987లో చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీకీ, బిడ్డకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. పురుషునికి సాధారణంగా ఆదాయ పరిమితి ఉంటుంది. అడగవలసిన చోటు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం వకీలును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదన్నది. ధనవంతుని వకీలు ముందు పేదవారు తేలిపోకూడదన్న సదుద్దేశం అందులో ఉన్నది. కాని మాటకారితనం కూడా ఒక ధనమే కదా! ఇంగ్లండులో చూస్తే, 1949 నుంచి ఉన్న సహాయాన్ని 2013లో ఇటువంటి కుటుంబ వ్యాజ్యాల్లో చాలావరకు తొలగించారు. గృహహింసకు ఆధారాలున్నవారికి మాత్రం మిగిల్చారు. అంటే అక్కడ ఎందరో తల్లులూ తండ్రులూ మళ్లీ 1878 నాటి బిసెంటమ్మలా ఒంటరిగా నిలవవలసి వస్తున్నది. అందరికీ ఆమె వాగ్ధాటి ఉంటుందా?

మీ ఊళ్లో ఏ తల్లి అయినా ఫీజు కట్టలేక బిడ్డ మీద ఆశ వదులుకొంటుంటే, ఆ 12వ సెక్షను సంగతి ఆమె చెవిన వేయండి. ఈ నాలుగు మాటలకూ అంతకన్న ప్రయోజనం వేరే లేదు.

స్వస్తి.